దొర ముందు విప్పని అంగీ

మా తమ్ముడి మనుమరాలు స్రవంతి తుర్కయాంజాల్‌లో సాగర్ రోడ్డు మీద మగవాళ్ళ రెడీమేడ్ బట్టల దుకాణం పెట్టింది. పెట్టిన కొత్తలో నన్ను ఇబ్రహీంపట్నం నుంచి తీసుకుపోయి, కౌంటరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"తాతా, జిందగంత బట్టలే కుట్టినవ్. టీ షర్టు మనిషికి మంచిగ కూసున్నదా లేదా ఎట్ల తెలుస్తదో మావోళ్ళకు జర చెప్పు" అంది.

మావోళ్ళంటే దుకాణంలో పనికి కుదిరిన ఇద్దరు యువకులు. నేను చెప్పాను. వాళ్ళు తల ఊపుతూ ఫోన్లు చూసుకున్నారు. చెవిన పడనిది కంటనైనా పడుతుందేమోనని ఇది రాస్తున్నాను. దర్జీ పనిలో ప్రమోషన్లు లేవు, పెన్షన్ లేదు, సన్మానాలు అంతకన్నా లేవు. కాబట్టి వాటి గురించి రాసే బాధ నాకు తప్పింది. పని గురించే రాస్తాను. నచ్చినవాళ్ళు చదవండి, నచ్చనివాళ్ళు ఫోన్లు చూసుకోండి.

అద్దం ముందు మనిషి

ఆ రోజు దుకాణంలో ఒకాయన టీ షర్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. పొట్ట లోపలికి లాగాడు, ఛాతీ ముందుకు తోశాడు, ఊపిరి బిగబట్టాడు. బాగుందనుకున్నాడు. పైసలిచ్చి గడప దాటగానే ఊపిరి వదిలాడు. పొట్ట దగ్గర బట్ట బిర్రుగా పట్టేసింది. నన్నడిగితే ఆయన తప్పేమీ లేదు. పక్కన నిలబడి "సూపర్ ఉన్నది అన్నా" అన్నవాడిదే తప్పు. అమ్మేవాడికి దేవుడు కళ్ళిచ్చింది ఎందుకు?

టీ షర్టు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున కూర్చోవాలి. చేతి మీదికి జారితే ఎవరిదో అడుక్కుని తొడుక్కున్నట్టు ఉంటుంది. మెడ వైపు ఎక్కితే చంకలో కోస్తుంది. కొనేవాడితో రెండు చేతులూ పైకెత్తించండి, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. పొట్ట బయటపడితే పొడవు చాలలేదని లెక్క. ఒకసారి కూర్చోబెట్టండి, పొట్ట దగ్గర పట్టెయ్యకూడదు. తల మీదుగా లాగిన మెడపట్టీ మళ్ళీ తన రూపానికి రావాలి. రాకపోతే నాలుగు ఉతుకులకు సాగిపోతుంది. లోపల కుట్టిన సైజు అక్షరాన్ని అసలు నమ్మకండి, ఒక కంపెనీ ఎమ్ము ఇంకో కంపెనీ ఎల్లు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. అతన్ని కాసేపు మాటల్లో పెట్టండి. ఊరేది, పిల్లలెంతమంది అని అడగండి. అద్దాన్ని మరిచిపోయి తన ఇంట్లో నిలబడ్డట్టు నిలబడతాడు. టీ షర్టును అప్పుడు చూడండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. నిజాం కాలంలో, పోలీసు యాక్షన్‌కు ముందటి ఏడు, ఒక అంగీ కుట్టబోయి నేర్చుకున్నాను. ఇప్పటివాళ్ళు షర్టు అంటున్నదాన్నే మేము అంగీ అనేవాళ్ళం.

చూపు కొలత

మేము మేరవాళ్ళం. మా బాపు ఊళ్ళో బట్టలు కుట్టేవాడు. అప్పట్లో మా పనిలో రెండు రకాల కొలతలు ఉండేవి. గడిలో, అంటే కోటలాంటి బంగళాలో, ఉండే దొర కుటుంబానికైతే టేపు. పండుగకో పెళ్ళికో కబురొస్తే మిషన్ నెత్తిన పెట్టుకుని గడికి పోవాలి, పని అయ్యేదాకా అక్కడే పడి ఉండి కుట్టాలి. దానికి కూలి ఇవ్వరు. వెట్టి. చేపలు పట్టేవాళ్ళు, కూలిపని చేసేవాళ్ళు వస్తే మాత్రం టేపు లేదు. వాళ్ళు వాకిట్లో దూరంగా నిలబడతారు. బాపు కూర్చున్న చోటి నుంచే ఒకసారి ఎగాదిగా చూసి బట్ట కత్తిరిస్తాడు. దాన్ని చూపు కొలత అనేవాళ్ళం. బిగుతైందని ఎవరూ తిరిగి రాకూడదని అందరికీ సంచుల్లాగా కుట్టడమే అందులోని కిటుకు.

దాన్ని గొప్ప నేర్పు అనుకునేవాడు మా బాపు. నేను ఒప్పుకోను. అది మనిషిని ముట్టుకోకుండా తప్పించుకునే దొంగ పద్ధతి. మా కులపోళ్ళకు ఈ మాట నచ్చదు. నచ్చకపోనీ.

ఇబ్రహీంపట్నం బజారులో ఖాసిం ఉస్తాద్ కొట్లో చేరాక నాకు ఆ అలవాటు వదిలింది. ఉస్తాద్ ఎవరొచ్చినా గడప లోపలికి పిలిచి మెడకు టేపు వేసేవాడు. పొగరు మనిషి. మిషన్ మోసుకుని గడికి రమ్మని కబురొస్తే మోకాళ్ళ నొప్పి అని చెప్పి పంపేవాడు. ఆ సాయంత్రమే పెద్ద చెరువు కట్ట మీద చక్కగా షికారు పోయేవాడు. ఆయన నన్ను తిట్టినన్ని తిట్లు కన్న తండ్రి తిట్టలేదు. కుట్టు వంకరపోతే అంగీని నా ఒళ్ళోకి విసిరేసి "గిది నువ్వే ఏస్కో" అనేవాడు. కొత్తలో నాకు అంగీలకు కరువు లేదు.

గుండీలు లేని అంగీ

మల్లయ్య పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు. అతని ఊరు ఇబ్రహీంపట్నానికి దగ్గరే. ఊరి పేరు రాయను. అక్కడి దొర మనుమలు ఇప్పటికీ ఎదురుపడితే బాగా పలకరిస్తారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళ తాతతో ఉంది.

ఆ ఊరి రివాజు ఎలాంటిదంటే, పనిపాటల వాళ్ళు గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. అంగీ ఉంటే విప్పి నడుముకు చుట్టుకోవాలి. వంగి నడవాలి. పట్టిన చేపల్లో పెద్దవి తీసుకుపోయి గడిలో ఊరికే ఇచ్చి రావాలి. ఇచ్చేటప్పుడు ఒంటి మీద అంగీ కనిపిస్తే కొరడా దెబ్బలు. దొరల కాలంలో ఊళ్ళు చల్లగా ఉండేవని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చల్లగా ఉండక ఏం చేస్తాయి, ఒంటి మీద బట్ట లేకపోతే?

చుట్టుపక్కల ఊళ్ళలో సంఘం వాళ్ళు తిరుగుతూ వెట్టి చెయ్యొద్దని చెబుతున్న రోజులవి. మల్లయ్య ఊరికి ఇంకా ఎవరూ రాలేదు. మల్లయ్యే కోరా బట్ట చంకన పెట్టుకుని, భుజాన వలతో, మా కొట్టుకు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

"రాములన్నా, అంగి కుట్టాలె" అన్నాడు నాతో.

"ఎసొంటిది? గుండీలు ముంగటికి పెట్టాల్నా?"

"గుండీలు వద్దు. నెత్తి మీదికెల్లి ఏసుకునేది కావాలె. జల్ది ఇప్పరాకుంట ఉండాలె."

"గట్లెందుకు?"

"దొర ముంగట ఇప్పొద్దని అనుకున్న. ఇప్పుమన్నా ఇప్ప. కని నాకు బుగులున్నదన్నా. ఆయన గట్టిగ ఒర్రంగనే నా చేతులే గుండీల మీదికి పోతయ్. గుండీలే లేకుంటే యాడికి పోతయ్?"

ఉస్తాద్ కత్తెర ఆపి అతని వైపు చూశాడు. "అందర్ ఆ" అని లోపలికి పిలిచాడు. తర్వాత నాతో, "కొలత తియ్. మంచిగ తియ్" అన్నాడు.

పొట్టి చేతులు, పట్టీ లేని గుండ్రటి మెడ, తల దూరడానికి మెడ వెనక చిన్న చీలిక, నడుం దాకా నేరుగా దిగే కోత. స్రవంతి దుకాణంలో హ్యాంగర్లకు వేలాడుతున్న వాటికి తాత అనుకోండి. అల్లిక బట్ట సాగుతుంది, కోరా బట్ట సాగదు. ఒకడు లాగితే ఊడి రాకూడదు, తొడుక్కున్నవాడికి ఎక్కడా పట్టెయ్యకూడదు. ఈ రెండూ కుదరాలంటే కొలత వెంట్రుకవాసి తప్పినా లాభం లేదు.

నేను కొలిచిన మల్లయ్య

కొలత శ్రద్ధగానే తీశాను. కుట్టి తొడిగించాను. మెడ కుదిరింది, భుజం కుదిరింది. మల్లయ్యకు సంతోషం పట్టలేక ఒళ్ళు విరుచుకుని నిటారుగా నిలబడ్డాడు. అంతే, ముందు అంచు బొడ్డు పైకి లేచింది. వెనక భాగం తోకలాగా వేలాడింది. రొమ్ము మీద బట్ట పిగిలిపోయేలా ఉంది, వీపు మీద ముద్దలుగా పోగుపడింది.

బట్ట ముడుచుకుందన్నాను. టేపు పాతదన్నాను. ఉస్తాద్ నా మాట పట్టించుకోకుండా మల్లయ్య చుట్టూ ఒకసారి తిరిగాడు.

"జర వంగు" అన్నాడు.

మల్లయ్య వంగాడు. అంగీ ఎక్కడికక్కడ అమిరిపోయింది.

"సమజైందా?" అన్నాడు ఉస్తాద్ నాతో. "నువ్వు గడి ముంగటి మల్లయ్యను కొలిచినవ్."

కొలత తీసినప్పటిది గుర్తుకొచ్చింది. టేపు మెడకు తగలగానే అతని తల దానంతటదే వంగింది, భుజాలు ముందుకు వచ్చాయి, చేతులు కట్టుకున్నాడు. అది నా కళ్ళకు తేడాగా కనిపించనే లేదు. వాళ్ళు ఎప్పుడూ అలాగే నిలబడతారు కదా, నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. విప్పనని వచ్చిన మనిషికి దండం పెట్టడానికి సరిపోయే అంగీ కుట్టి పెట్టాను.

మళ్ళీ కొలుద్దామంటే మల్లయ్య వల్ల కాలేదు. నిటారుగా నిలబడమంటే కట్టెలా బిగుసుకుపోతాడు. టేపు తగిలితే మళ్ళీ వంగుతాడు. పాపం, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నాకు వస్తలేదన్నా. పోనియ్, గిదే ఏసుకపోత" అన్నాడు.

"వల ఎట్ల ఇసుర్తవ్?" అని అడిగాడు ఉస్తాద్.

"ఎట్లేముంది, ఇసురుత."

"చూపియ్."

మల్లయ్య మెట్టు దిగి బజారు మధ్యలో నిలబడ్డాడు. కాళ్ళు ఎడం చేసి, నడుము తిప్పి, రెండు చేతులూ చాచి వల విసిరాడు. వల దుమ్ములో గుండ్రంగా పరుచుకుంది. ఎవరివో మేకలు బెదిరి పరుగుతీశాయి, ఎదుటి కొట్లో వాళ్ళు నవ్వారు.

"ఠైర్. గట్లనే ఆగు. రాములూ, ఉరుకు" అన్నాడు ఉస్తాద్.

నేను టేపు పట్టుకుని ఉరికాను. మల్లయ్య తల పైకి ఉంది, రొమ్ము విప్పారి ఉంది, చూపు వల అంచు మీద ఉంది. ఇన్నాళ్ళూ మా కొట్టు ముందు నుంచి పోతున్న మనిషి ఇంత పొడవుంటాడని నాకు తెలియదు. నడిబజారులో నిలబెట్టి కొలత తీసుకున్నాను.

బట్టకు కంట్రోలు ఉన్న రోజులు, కొత్త బట్ట దొరకదు. ముందు భాగం మొత్తం మార్చాలి. ఉస్తాద్ రంజాన్ పండుగకని దాచుకున్న తెల్లబట్ట తెచ్చి నా ముందు వేశాడు. వెనక కోరా రంగు, ముందు తెలుపు. చూడడానికి ఎలా ఉన్నా, మల్లయ్య నిలబడితే అంగీ కూడా నిలబడింది.

గుమాస్తా మాట

నడిబజారులో వల విసిరితే ఆ కబురు మల్లయ్య ఊరి గడికి చేరకుండా ఉంటుందా? అంచు మడిచి కుడుతుండగానే గడి గుమాస్తా మెట్టు ఎక్కాడు.

"ఖాసిం, మల్లిగానికి అంగి కుడుతున్నవట."

"అందరికి కుడ్త" అన్నాడు ఉస్తాద్.

"గా అంగి వానికి ఇచ్చినవనుకో, నీ మిషన్ గడికి వస్తది. దొర చెప్పమన్నడు."

కొట్లో ఉన్నది ఒక్కటే మిషన్. ఉస్తాద్ ఇంటిల్లిపాదీ, మా ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నాం. ఉస్తాద్ నింపాదిగా దారం కొరికాడు.

"కుట్టుడు అయినంక అంగి నాది కాదు, వానిది. వానిది వానికి ఇయ్యకుంటే నన్ను దర్జీ అనరు, దొంగ అంటరు. దొరకు గిదే మాట చెప్పు."

గుమాస్తా పోయాక ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "చేతి కుట్టు యాదికున్నదా?"

"ఉన్నది."

"అచ్ఛా. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఫికర్ ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

నా నలభై ఏళ్ళ పనిలో నాకు దొరికిన ఒకే ఒక్క యజమాని ఆయన. ఇంకొకరు లేకపోయినా లోటనిపించలేదు.

గడి వాకిట్లో

మల్లయ్య అంగీ తొడుక్కుని చేపల గంపతో గడికి పోయాడు. నేను వెనకాలే పోయి దర్వాజా బయట జనంలో నిలబడ్డాను. దొర అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒంటి మీద ఏందిరా మల్లిగా?"

"అంగి దొరా."

"ఇప్పు."

మల్లయ్య గంప కింద పెట్టాడు. అతని చేతులు రొమ్ము మీదికి లేచి, అక్కడ కాసేపు తడుముకుని, మళ్ళీ పక్కకు వాలిపోయాయి.

"ఇప్ప" అన్నాడు.

ఇద్దరు మనుషులు వచ్చి అంగీ పట్టుకుని పైకి లాగారు. మల్లయ్య చేతులు ఒంటికి అదిమి పెట్టుకుని నిలబడ్డాడు. అంగీ రాలేదు. కొరడా తెచ్చారు. దెబ్బలు లెక్కపెట్టే ధైర్యం నాకు లేక కళ్ళు మూసుకున్నాను. చివరికి ఒకడు కత్తితో ఆ తెల్లబట్టను మెడ నుంచి అంచు దాకా నిలువునా కోసేశాడు. అప్పుడు కూడా అది ఒంటి మీది నుంచి ఊడలేదు, రెండు ముక్కలై వేలాడింది. దొర లేచి లోపలికి పోయాడు.

మల్లయ్యా నేనూ బజారుకు వచ్చేసరికి గడి మనుషులు మిషన్ తీసుకుపోయారు. ఉస్తాద్ ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మల్లయ్య రెండు ముక్కలనూ చేత్తో కలిపి పట్టుకుని మెట్టు ఎక్కాడు, ఈసారి ఎవరూ పిలవకుండానే.

"కుట్టు రాములన్నా."

"ఇప్పియ్, కుడ్త."

"ఇప్ప" అన్నాడు. "ఒంటి మీదనే కుట్టు."

గడపలో నిలబెట్టి కుట్టాను. ఒళ్ళు తగలకుండా లోపల వేలు అడ్డం పెట్టి, మెడ నుంచి అంచు దాకా. సూది గుచ్చుకున్నప్పుడల్లా నా వేలిదే నెత్తురు. ఎదుటి కొట్ల వాళ్ళందరూ బయటికి వచ్చి చూస్తున్నారు, ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే కుట్టాను. మల్లయ్య మాత్రం ఏడవలేదు, వంగనూ లేదు.

"జర గట్టిగ ఎయ్ కుట్టు" అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి.

ఆ తర్వాత చేపలు పట్టేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మల్లయ్య అంగీ కావాలన్నారు, గుండీలు లేనిది. కొందరు ఇళ్ళలో ఉన్న పాత చీరలు తెచ్చారు. మేమిద్దరం చేత్తోనే కుట్టాం. టేపు వేస్తే వాళ్ళలో చాలామంది వంగేవాళ్ళు, మల్లయ్యే పక్కన నిలబడి "లేసి నిలబడరా" అని కసిరేవాడు. ఒక పొద్దున వాళ్ళంతా అంగీలు తొడుక్కుని, చేపలు లేకుండా, గడి ముందు నుంచి బజారుకు నడిచి వచ్చారు. అంతమంది అంగీలు కోయడానికి దొర దగ్గర మనుషులు చాలలేదు.

తర్వాత

పోలీసు యాక్షన్ అయింది. మిలిటరీ రాకముందే దొర పట్నం పోయాడు. మిషన్ గడి పశువుల కొట్టంలో దొరికింది, తుప్పు పట్టి. కానీ ఆ వారాల్లో ఉస్తాద్ లాంటి ముసల్మానులకు ప్రాణగండం వచ్చింది. ఎవరో చేసినదానికి ఎవరినో వెతుక్కుంటూ ఊరు కాని ఊరి నుంచి గుంపులు వచ్చేవి. మల్లయ్య తనవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి మా కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. "ఉస్తాద్ మావోడు. ముంగట మమ్ముల దాటుండ్రి" అన్నాడు గుంపుతో. ఎవరూ దాటలేదు. ఆ రోజుల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ సంగతి మాత్రం ఎక్కడా చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను.

ఉస్తాద్‌కు చూపు మందగించి కొట్టు నా చేతికి వచ్చింది. ఓట్లు వస్తున్నాయన్నారు. దొర నెత్తిన తెల్లటోపీతో తిరిగి వచ్చాడు. అతని వెనకే గుమాస్తా కూడా.

"దొరకు ఖద్దరు అంగీలు కావాలె. మిషన్ తీస్కొని గడికి రా" అన్నాడు.

"మిషన్ రాదు. కొలతకు మనిషినే రమ్మను" అన్నాను.

కొలతకు ఆదిగా దొర పాత అంగీ ఒకటి పంపించారు. మడత కూడా విప్పకుండా తిప్పి పంపాను. కొమ్ములు మొలిచాయని గుమాస్తా తిట్టిపోయాడు.

చివరికి దొర తనే వచ్చాడు. కొట్టు ముందు కారు ఆగేసరికి మల్లయ్య లోపల నిలబడి ఉన్నాడు, మెడకు నా టేపుతో. దొర గడప దగ్గర ఆగాడు.

"బాగున్నవా మల్లయ్యా" అన్నాడు. మల్లిగా అనలేదు.

"అవ్, బాగున్న" అన్నాడు మల్లయ్య. దొరా అనలేదు. "నా కొలత అయితున్నది. కూసో."

కొట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద అప్పటికే ఇద్దరు కూలివాళ్ళు కూర్చుని ఉన్నారు. దొర వాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు లేవలేదు. కొంచెం జరిగి చోటిచ్చారు.

దొర కూర్చున్నాడు. నేను మల్లయ్య కొలత మళ్ళీ మెడ దగ్గర నుంచి మొదలుపెట్టాను.